చదివిన పుస్తకం నుంచి ఆలోచనా వ్యాసం రాయడం ఎలా?

తత్త్వం, సాహిత్యం, సామాజిక సమస్య, ఈ మూడింటినీ ఒకే వ్యాసంలో కలపాలనుకునే విద్యార్థి తరచూ "న్యాయం", "సమాజంలో స్త్రీ", "సాహిత్య ప్రయోజనం" వంటి పెద్ద శీర్షికతో మొదలుపెడతాడు. అంత పెద్ద విషయం మీద రాసే మొదటి పేరాలో అందరూ ముందే ఒప్పుకున్న మాటలు తప్ప ఇంకేమీ రావు. అందుకే మొదట చేయవలసిన పని ప్రశ్నను చిన్నది చేసుకోవడం. అదే పుస్తకం చదివిన ఇద్దరు నిజాయితీగా భిన్నాభిప్రాయానికి రాగలిగే ప్రశ్న దొరికితే వ్యాసానికి పునాది పడినట్టే.

ఉదాహరణకు గురజాడ అప్పారావు "కన్యాశుల్కం" తీసుకుందాం. ఆ నాటకంలో అగ్నిహోత్రావధాన్లు డబ్బు పుచ్చుకొని తన చిన్న కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు ఇవ్వడానికి సిద్ధపడతాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువై ఇంట్లో ఉంది. దీని మీద "కన్యాశుల్కం దురాచారం" అని రాస్తే కాదనేవారు ఉండరు కాబట్టి ఆలోచించడానికి అక్కడ ఏమీ మిగలదు. "అప్పుడు పెళ్లికూతురి తండ్రికి డబ్బు ముట్టేది, తరువాతి కాలంలో వరకట్నం రూపంలో పెళ్లికొడుకు ఇంటికి ముడుతోంది, డబ్బు నడిచే దిక్కు మారినంత మాత్రాన అమ్మాయి స్థానం మారిందా?" అని అడిగితే, జవాబు చెప్పడానికి పుస్తకాన్ని మళ్లీ తెరవక తప్పదు.

ఈ రెండో పఠనం పెన్సిలు చేతబట్టుకొని చేయాలి. నోటు పుస్తకంలో ఎడమ పేజీలో పుస్తకం చెప్పినది మాత్రమే, పేజీ సంఖ్యతో సహా రాసుకోవాలి. కుడి పేజీలో మీకు తోచినది రాయాలి. రెండూ కలిసిపోతే, కొన్నాళ్లకు మీ ఊహను రచయిత మాటగా ఉటంకించే ప్రమాదం ఉంది. ఎవరు ఏమన్నారో రాసుకోవడంతో పాటు ఎవరి మాట ఎక్కడా వినపడలేదో కూడా గుర్తించండి. సుబ్బి పెళ్లి గురించి ఇంటిల్లిపాదీ తగువులాడతారు, తల్లి వెంకమ్మ నూతిలో దూకేవరకూ వెళుతుంది. కానీ నీకేం కావాలని సుబ్బిని అడిగేవారెవరో ఎడమ పేజీలో వెతికి చూడండి.

ఇక తత్త్వం దగ్గరికి వద్దాం. ఒక వ్యాసానికి ఒక భావన చాలు. అరడజను మంది తత్త్వవేత్తల పేర్లు వరసగా పేర్చడం కన్నా ఒక్కరి వాదాన్ని సొంత మాటల్లో నాలుగు వాక్యాల్లో స్పష్టంగా చెప్పగలగడం ఎంతో మేలు. మన ప్రశ్నకు జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో చూపిన ఒక భేదం బాగా పనికివస్తుంది. వెల ఉన్న వస్తువు స్థానంలో దానికి సమానమైన మరొకదాన్ని పెట్టవచ్చు. దేని స్థానంలో మరొకటి పెట్టడం కుదరదో దానికి ఉండేది వెల కాదు, గౌరవం అని ఆయన వాదించాడు. ఈ భావనను పట్టుకొని నాటకంలోకి తిరిగి వెళితే కథాంశమే కొత్తగా కనిపిస్తుంది. సుబ్బి మేనమామ కరటక శాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు అంటగడతాడు. నవ్వుకుంటూ చదివే ఈ ఘట్టం కాంట్ చెప్పిన విషయాన్నే కళ్లకు కడుతుంది. వెల కట్టిన చోట ఒక పిల్లకు బదులు మరొకరిని, చివరికి ఒక మగపిల్లవాణ్ణి కూడా నిలబెట్టవచ్చు. కొనేవాడికి ఆ తేడా తెలియదు. తత్త్వం సాహిత్యానికి అలంకారంగా కాక పనిముట్టుగా ఉపయోగపడటమంటే ఇదే అని నా అభిప్రాయం. భావన లేకుండా చదివితే కనపడనిది, భావనతో చదివినప్పుడు కనపడాలి.

అయితే ఆ భావన పరిధి ఎంతవరకో మూలగ్రంథంలోనే చూడాలి. వ్యక్తి స్వేచ్ఛ గురించి రాస్తూ ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859 నాటి గ్రంథం "ఆన్ లిబర్టీ"ని ఉదహరించేవారు ఎందరో ఉన్నారు. కానీ తన సిద్ధాంతం పిల్లలకు వర్తించదనీ, తాను వెనుకబడినవిగా భావించిన సమాజాలకూ వర్తించదనీ మిల్ తన పుస్తకంలోనే చెప్పాడు. ఆయన మన దేశాన్ని పాలించిన ఈస్టిండియా కంపెనీలోనే దశాబ్దాల పాటు ఉద్యోగం చేసినవాడు. బాల్యవివాహం గురించి మిల్‌ను ఆధారం చేసుకొని రాసేవారు ఈ రెండు మినహాయింపులనూ దాటవేయకూడదు.

సామాజిక సమస్యకు వాస్తవాలు కావాలి, ఆ వాస్తవాలకు హద్దులు కూడా చెప్పాలి. 1897 నాటి మొదటి ముద్రణకు రాసిన పీఠికలో గురజాడ ఒక జాబితాను ప్రస్తావించారు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల లెక్క తీయించగా 1,034 తేలాయి; వారిలో 99 మంది అయిదేళ్ల పిల్లలు, ముగ్గురు ఏడాది పిల్లలు. ఈ అంకెలు నిర్ఘాంతపరుస్తాయి. అయినా అవి ఒక జిల్లాకు, ఒక వర్గానికి, మూడేళ్లకు చెందినవే తప్ప యావత్ సమాజానివి కావు. ఆ మాట రాసినంత మాత్రాన వాదం బలహీనపడదు, చదివేవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది. తరువాతి చరిత్రనూ తేదీలతో జోడించండి: ఆడపిల్లల కనీస వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన చట్టం 1929లో, వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చాయి.

మీ నిర్ణయానికి ఎదురుగా ఉన్న వాదాన్ని, ఆ వాదం చేసేవారు చదివి "అవును, మేమనేది ఇదే" అనేలా రాయాలి. దీనికి అంబేడ్కర్ 1936లో ప్రచురించిన "కుల నిర్మూలన"ను మించిన పాఠం లేదు. లాహోర్‌లో ఒక సభలో చదవవలసిన ఆ ప్రసంగానికి నిర్వాహకులు అవకాశం ఇవ్వకపోతే ఆయనే పుస్తకంగా అచ్చు వేశారు. మరుసటి ఏడాది రెండో ముద్రణలో గాంధీ చేసిన విమర్శను కూడా చేర్చి, దానికి తన సమాధానం జతచేశారు.

సొంత అనుభవం ఉంటే ఒకటి రెండు వాక్యాల్లో రాయవచ్చు. ఇతరుల కష్టాన్ని రాయదలిస్తే మాత్రం వారిని అడిగి, ఆనవాళ్లు మార్చి రాయాలి.

చిత్తుప్రతిని వారం రోజులు పక్కన పెట్టాక దిద్దండి. కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. అయినా గురజాడ 1909 నాటికి దాన్ని దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు. దిద్దేటప్పుడు ప్రతి పేరా దగ్గరా ఆగి, అది మొదటి ప్రశ్నకు ఏం చేర్చిందో అంచున ఒక మాటలో రాయండి. రాయడానికి ఏమీ తోచని పేరాను తీసేయండి. మిగిలినదాన్ని ఆ పుస్తకం చదవని ఒకరికి పైకి చదివి వినిపించి, వారు ఎక్కడ ఆపి "ఎందుకు?" అని అడిగారో అక్కడ గుర్తు పెట్టుకొని, ఆ జవాబును వ్యాసంలోనే చేర్చండి.