లింగ గుర్తింపుల గురించి తెలుగులో రాసేటప్పుడు మాటను ఎంచుకోవడం ఎలా

ఒకరి లింగ గుర్తింపు గురించో, ప్రేమ గురించో తెలుగులో రాయబోయేవారు నిఘంటువు తెరవడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది: వారు తమను తాము ఏమని చెప్పుకుంటారో అడిగి, ఆ మాటను వారు పలికినట్టే రాసుకోవాలి. హైదరాబాదులో ఒకరు తాను హిజ్రానని చెబితే అందులో గురువు, చేలాలు (అంటే శిష్యులు), వారంతా కలిసి ఉండే పెద్దింటి కట్టుబాట్లు అన్నీ ఇమిడి ఉంటాయి. పక్క వీధిలో మరొకరు తాను ట్రాన్స్ మహిళనని, అంటే పుట్టినప్పుడు మగబిడ్డ అన్నా తాను స్త్రీనేనని, హిజ్రాల ఇంట్లో ఏనాడూ చేరలేదని చెప్పవచ్చు. ఉత్తర కర్ణాటకలోని జోగప్పల గుర్తింపు వారు కొలిచే ఎల్లమ్మ దేవతతో ముడిపడినది. అమ్మవారిని తీసేస్తే ఆ మాటకు అర్థమే మిగలదు. మూడో లింగాన్ని గుర్తించిన 2014 ఏప్రిల్ 15 నాటి సుప్రీంకోర్టు తీర్పు గానీ, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు తెచ్చిన 2019 చట్టం గానీ వీరందరినీ ట్రాన్స్‌జెండర్ అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చాయి కనుక దరఖాస్తులో ఆ మాటే రాయాలి. జీవితకథలో మాత్రం ఎవరి మాటను వారికి ఉంచడమే సరి.

రెండో మెట్టు క్రియాపదం, అసలు చిక్కంతా అక్కడే. ఉత్తమ, మధ్యమ పురుషల్లో మన క్రియలకు లింగం లేదు. హిందీలో మాట్లాడేవారు ‘ఆయా’, ‘ఆయీ’లలో ఒకటి ఎంచుకోక తప్పదు, తెలుగులో ఎవరైనా ‘వచ్చాను’ అనే అంటారు. ప్రథమ పురుషకు రాగానే ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని తేల్చవలసిన భారం రాసేవారి మీద పడుతుంది. ఒక ట్రాన్స్ మహిళ తన బాల్యం గురించి చెప్పగా నేను ‘పదేళ్ల వయసులో అతడు ఇల్లు వదిలాడు’ అని రాసి, రెండో పేరా నుంచి ‘ఆమె’కు మారాను. ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుని పైకి చదువుతూ ఆ వాక్యం దగ్గర ఆగి, ‘ఈ అతడెవరండీ?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆవిడ నాతో చెప్పింది ‘ఇల్లు వదిలాను’ అని మాత్రమే. అప్పటి నుంచి నేటి గుర్తింపునే బాల్యానికీ వర్తింపజేస్తున్నాను, వారు వద్దంటే తప్ప. స్త్రీ పురుషులలో దేనికీ చెందమనేవారి విషయంలో ‘తను’, ‘వారు’, ‘వచ్చారు’ చక్కగా ఒదుగుతాయి. అయితే పాఠకుడు దాన్ని గౌరవ బహువచనమనే అనుకుని దాటిపోతాడు కాబట్టి, ఆ సంగతి ఒక వాక్యంలో విప్పి చెప్పాలి.

‘స్వలింగ సంపర్కులు’ అనే పత్రికల మాట నాకు నచ్చదు. దానికి మూలమైన హోమోసెక్సువల్ అనే పదం 1869లో జర్మన్ భాషలో వెలువడిన ఒక కరపత్రంలో తొలిసారి అచ్చయింది. మనం దాన్ని తెచ్చుకుంటూ మనిషిని పడకగదికి కుదించాము. ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న ఇద్దరు స్త్రీల గురించి రాసేటప్పుడు సంపర్కం ప్రస్తావన దేనికి? ‘స్వలింగ ప్రేమికులు’ అనడమో, వారు వాడితే గే, లెస్బియన్ అని తెలుగు లిపిలో రాయడమో మేలు. సినిమాలు నేర్పిన ‘తేడా’ను వెక్కిరింపుగా ఎవరైనా అన్నప్పుడు, అది అన్నవారి మాటేనని తెలిసేలా ఉటంకింపులో ఉంచాలి.

పాత మాటలను బట్టి పాత గౌరవాన్ని ఊహించుకోరాదు. ‘నపుంసకులు’ అన్న పేరుతో హిజ్రాల వంటివారి పట్టీ రాయించి, ఆడవేషంతో వీధిలో పాడినా ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చన్న నిజాం కాలపు 1329 ఫస్లీ (క్రీ.శ. 1919) చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో గానీ కొట్టివేయలేదు. ఆ చట్టం గురించి రాసేటప్పుడు తప్ప ఆ పదంతో పని లేదు.

రాసినదాన్ని అచ్చుకు ముందు వారికి చదివి వినిపించాలి. శీర్షిక సాధారణంగా పత్రిక డెస్కులో ఇంకెవరో పెడతారు కనుక, వారికి సమ్మతమైన శీర్షికను కూడా వ్యాసంతోపాటే పంపడం మంచిది.