టియోచ్యూ ఒపేరాని సినిమాగా తీయాలంటే

దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ తూర్పు కొసన చావ్‌జౌ, శాంటౌ ప్రాంతం వాళ్ల పాటల నాటకం టియోచ్యూ ఒపేరా. సింగపూర్, థాయ్‌లాండ్‌లో స్థిరపడ్డ టియోచ్యూ వాళ్లు కూడా గుడి ఉత్సవాల్లో ఆడించుకుంటారు. సినిమా తీద్దామనుకునే చాలామందికి ముందు తట్టేది పాటలు కట్ చేసి కథ స్పీడ్ పెంచడమే, దయచేసి ఆ పని చేయకండి, ఇక్కడ కథ నడిచేదే పాటలో, పాట తీసేస్తే మిగిలేవి కాస్ట్యూములే.

మొదటిసారైతే పెద్ద నాటకం జోలికి పోకుండా ఒక్క ఘట్టం పట్టుకోండి. నన్నడిగితే "చాయ్‌ఫాంగ్‌హ్వే" బెస్ట్. లీ లావోసాన్ అనే చిన్న వ్యాపారి సత్రం కట్టెల గదిలో పడుకుంటే మో అర్‌నియాంగ్ అనే ఆవిడ దెయ్యమై వస్తుంది, భయంతో వాడు నిచ్చెన ఎక్కడం, దాని మీంచి జర్రున జారడం, మళ్లీ ఎక్కడం, ఈ వేషం కట్టే విదూషకుడి విద్యంతా ఆ నిచ్చెన మీదే. వైడ్‌లో తల నుంచి పాదం దాకా కనిపించేలా ఒకే షాట్‌లో తీయండి, మధ్యలో ఎక్కడ కట్ పడినా చూసేవాడికి ఇదేదో ట్రిక్ అనిపిస్తుంది, నటుడు ఏళ్ల తరబడి చేసిన సాధనంతా పోతుంది.

సెట్ విషయంలో ఇంకా జాగ్రత్త. "సూ లియోనియాంగ్" నాటకంలో (1957లోనే సినిమాగా వచ్చింది) పనిపిల్ల టావోహ్వా పడవలో ఏరు దాటే సీన్ ఉంది. స్టేజీ మీద పడవా ఉండదు నీళ్లూ ఉండవు, ముసలి పడవవాడి చేతిలో తెడ్డు, ఇద్దరూ కలిసి లేచి వంగి ఊగుతుంటే మనకి ఏరు కనిపిస్తుంది. అక్కడ నిజం పడవ పెట్టారనుకోండి, ఊగే పని పడవ చేసేస్తుంది, వీళ్ల కాళ్లకి పనే ఉండదు. ఖాళీ నేల, వెనక గీసిన తెర చాలు. పడవలో వాళ్లిద్దరూ పాడుకునే పాట పోటీ ఏడాదిలో ఒక్కో నెలకీ ఒక్కో చరణం చొప్పున నడుస్తుంది, లెంగ్త్ ఎక్కువైందని నాలుగు నెలల చరణాలు లేపేయొద్దు.

ఇక సౌండ్, అసలు పని ఇక్కడే. నటుడు పాడుతుంటే లైను చివర్లో తెర వెనక నుంచి గొంతులు అందుకుంటాయి, మన యక్షగానంలో వంత పాటలాగా. అది బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కాదు, మిక్సింగ్‌లో తగ్గించకండి, అలాగని పాడేవాళ్లని చూపించకండి కూడా. అప్పుడు నటుడి పెదాలు మూసి ఉంటాయి కాబట్టి క్లోజప్ వదిలి చేతుల మీదికో ఎదుటి మనిషి మీదికో పోవచ్చు. మొత్తం మేళాన్ని నడిపించేది డ్రమ్మరే, నటుడి అడుగూ చూపూ ఆయన దెబ్బ మీదే పడతాయి. పాట ముందే రికార్డ్ చేసి ప్లేబ్యాక్‌కి తీస్తున్నా ఆయన్ని షూటింగ్‌కి పిలవండి, ఎడిటింగ్ రూమ్‌లోనూ పక్కన కూర్చోబెట్టండి.

శృతి గురించి ఒకటి. 1951 దాకా ఈ నాటకాల్లో ఎక్కువగా పాడింది పిల్లలు, కొనుక్కొచ్చిన పిల్లలు, వాళ్లు పడ్డ బాధ తలుచుకుంటేనే మనసు పాడవుతుంది. పాత వరసలన్నీ ఆ లేత గొంతుల ఎత్తులో కట్టినవే, పెద్ద మగవాళ్లకి అందవు. సాఫ్ట్‌వేర్‌తో గొంతు పైకి లాగే బదులు వరసనే ఆ నటుడికి సరిపోయేలా మార్చి కట్టించండి.

చైనా అధికార భాష మాండరిన్‌లోకి డబ్ చేయడం వద్దే వద్దు. టియోచ్యూ భాషలో ఎనిమిది స్వరభేదాలున్నాయి, అంటే పలికే ఎత్తు మారితే మాట అర్థమే మారిపోతుంది, వరస కట్టింది ఆ మాటల ఎత్తుపల్లాలు చూసుకునే. సబ్‌టైటిల్స్ వేసి, వంత లైన్లకి వేరే రంగు ఇవ్వండి, ఎవరు పాడుతున్నారో కొత్తవాళ్లకి తెలిసిపోతుంది.