రొయ్య పెంకులు కాలువ పాలు చేయకండి, మొక్కలకు వేయండి

రొయ్యల్ని వలిస్తే తల, పెంకు కలిపి బరువులో సగానికి దగ్గరగా చెత్తకే పోతుంది. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశే ముందుంది కాబట్టి ఈ చెత్త కూడా మన దగ్గరే ఎక్కువ. దాన్ని పంట కాలువలోనో డ్రెయిన్‌లోనో పారబోస్తే కుళ్లుతూ నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ని లాగేస్తుంది, అమ్మోనియా పెరుగుతుంది, చేపలు చచ్చి తేలతాయి. చెరువు గట్టున పచ్చి తలకాయలు పడేయడం ఇంకా ప్రమాదం, వాటిలో వైట్ స్పాట్ వైరస్ ఉంటే కాకులు ముక్కల్ని ఎత్తుకెళ్లి పక్క చెరువులో జారవిడుస్తాయి, ఆ రైతు పంట మొత్తం పోవచ్చు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి.

ఇంట్లో అయితే ఇలా చేయండి. పెంకుల్ని మంచినీళ్లతో కడగండి, ఉప్పూ మసాలా తగిలినవైతే రెండుసార్లు. మంచి ఎండలో, పైన దోమతెర కప్పి, చేత్తో నలిపితే పెళపెళమని విరిగేదాకా ఎండబెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని దంచండి (రొయ్యలు పడనివాళ్లు ఈ పొడి జోలికి వెళ్లొద్దు). పెంకులో నత్రజని ఎక్కువ, అందుకే ఒక వంతు పొడికి మూడు వంతులు ఎండుటాకులో కొబ్బరి పొట్టో కలిపి, పేడనీళ్లు చల్లి, కప్పి ఉంచండి. వారానికోసారి తిరగేయండి. ఘాటు వాసన వస్తోందంటే ఆకులు చాలలేదని అర్థం, ఇంకొన్ని వేయండి. రెండు మూడు నెలల్లో ఎరువు తయారవుతుంది. వానాకాలంలో ఎండబెట్టే తంటా వద్దు, కుక్కలు తవ్వకుండా అడుగు లోతు గొయ్యిలో ఆకులతో కలిపి పూడ్చేయండి.

టమాటా, వంగ, బెండ వేర్లకి బుడిపెలు వస్తుంటే ఈ ఎరువు తప్పకుండా వేసి చూడండి. పెంకులో ఉండే కైటిన్‌ని తినే సూక్ష్మజీవులు మట్టిలో పెరుగుతాయి, ఆ బుడిపెలకు కారణమైన నులిపురుగుల గుడ్డు పెంకులోనూ కైటిన్ ఉంటుంది కాబట్టి దాన్నీ దెబ్బతీస్తాయి. సున్నం కూడా బాగానే ఉంటుంది, అందువల్ల చౌడు నేలల్లో తగ్గించి వాడండి.

పెంకులోని కైటిన్ నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థం తయారీ మాత్రం ఇంట్లో వద్దు. యాసిడ్‌తో సున్నం, కాస్టిక్ సోడాతో ప్రొటీన్ తీసేసి, మళ్లీ గాఢమైన కాస్టిక్ సోడాలో వేడి చేయాలి. దానికి ధర బాగానే పలుకుతుంది, మందుల దగ్గర్నుంచి నీటి శుద్ధి దాకా వాడతారు, కానీ కడిగిన నీళ్లు శుద్ధి చేయకుండా వదిలితే పెంకులు పారబోయడం కంటే ఎక్కువ నష్టం. పీలింగ్ షెడ్డు నడిపేవాళ్లు పెంకులు ఎవరికైనా అమ్మేముందు ఆ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగండి. అమ్మేవి ఏ రోజువి ఆ రోజే, ఐస్‌లో, గ్లౌజులూ ప్లాస్టిక్ కవర్లూ కలవకుండా పంపండి.