నెక్స్ట్ జనరేషన్ చూస్తుంటే చిరాకొస్తోందా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' చూడమని ఎవరికి చెప్పినా పది రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. మనుషులు మారతారు గానీ ఫిర్యాదులు మాత్రం అవే. ప్రతిసారీ నోరు నొప్పెట్టేలా చెప్పలేక ఒకసారి రాసి పెడుతున్నాను. అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగే సిబ్బంది కథలు చెప్పే అమెరికా టీవీ సీరియల్ ఇది. ఏడు సీజన్లు, 178 ఎపిసోడ్లు, 1987 నుంచి 1994 దాకా నడిచింది. మీకు చిరాకు తెప్పించేవాటిలో సగానికి పైగా కారణం కథలో ఉండదు, ఆ కథని ఎంత డబ్బుతో తీశారు, ఎలా అమ్మారు అన్నదాంట్లో ఉంటుంది. అది తెలిస్తే ఏది దాటేయాలో, ఏది ఓపిక పట్టి చూడాలో మీకే అర్థమవుతుంది.

సమస్య: మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌కే నిద్రొచ్చేసింది

నాకూ వచ్చింది, సిగ్గుపడకండి. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఒక నియమం పెట్టాడు: 24వ శతాబ్దం నాటికి మనిషి బాగా ఎదిగిపోయి ఉంటాడు కాబట్టి ఓడలోని ముఖ్యపాత్రల మధ్య గొడవలు ఉండకూడదు. ఆశయం గొప్పదే. కానీ అత్తాకోడళ్ళు, తోడికోడళ్ళు, అన్నదమ్ములు అందరూ ఒకరి మాట ఒకరు వినేసే ఇంట్లో సీరియల్ ఎన్ని వారాలు నడుస్తుంది? రచయితలకి చేతులు కట్టేసినట్టయింది. దానికి తోడు 1988లో హాలీవుడ్ రచయితల సమ్మె. రెండో సీజన్ 22 ఎపిసోడ్లతో సరిపెట్టారు, దాని మొదటి ఎపిసోడ్‌కి 1970ల్లో తీద్దామనుకుని వదిలేసిన ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ స్క్రిప్టుని దుమ్ము దులిపి వాడుకున్నారు. ఇక చివరి ఎపిసోడ్ 'షేడ్స్ ఆఫ్ గ్రే' అయితే మూడు రోజుల్లో చుట్టేశారు. ఓడలో కెప్టెన్ తర్వాతివాడైన రైకర్ మంచం మీద పడుకుని పాత ఎపిసోడ్ల ముక్కలు గుర్తుచేసుకుంటాడు, అదే కథ.

పరిష్కారం: నేరుగా మూడో సీజన్‌కి వెళ్ళిపోండి. 1989లో మైకేల్ పిల్లర్ వచ్చి రచయితల గది బాధ్యత తీసుకున్నాడు. ఓడలో గొడవ పెట్టలేకపోతే వారానికో మనిషి మనసులోకి దూరదాం అన్నది అతని పద్ధతి. ముక్కూమొహం తెలియనివాళ్ళు పంపిన స్క్రిప్టులు కూడా చదివేవాళ్ళు, అలా లోపలికొచ్చినవాడే రోనాల్డ్ మూర్. పాత రెండు సీజన్లలోంచి ఒక్కటే చూడమంటే మాత్రం 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' చూడండి. డేటా అనే యంత్రమానవుడు మనిషా, వస్తువా అని విచారణ జరుగుతుంది. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ అంతకుముందు లాయర్, చూస్తుంటే తెలిసిపోతుంది.

సమస్య: పోయిన వారం చావు తప్పి బయటపడ్డవాడు ఈ వారం ఏమీ జరగనట్టు టీ తాగుతున్నాడు

అన్నిటికంటే ఎక్కువ వచ్చే ఫిర్యాదు ఇదే. కారణం వ్యాపారం. ఈ షోని ఒక పెద్ద నెట్‌వర్క్ వెయ్యలేదు, అమెరికాలో ఊరూరా ఉన్న లోకల్ స్టేషన్లకి విడివిడిగా అమ్మారు. తర్వాత ఏ స్టేషన్ ఏ ఎపిసోడ్ మళ్ళీ ఎప్పుడు వేస్తుందో ఎవరికీ తెలీదు. చూసేవాడు ఒక వారం పెళ్ళికెళ్ళి, ఇంకో వారం జ్వరంతో పడుకుని, మూడో వారం టీవీ పెట్టినా కథ అర్థం కావాలి. అందుకని ఎపిసోడ్ చివర అన్నీ మొదట ఉన్నచోటికే వచ్చేస్తాయి. పుస్తకంలా చదవబోతే ఇది లోపం. ఏ రోజుకారోజు విన్నా సరిపోయే పురాణ కాలక్షేపం అనుకోండి, ఇబ్బంది ఉండదు.

కాకపోతే అరుదుగా ఈ గోడకి బీటలు పడతాయి, షో మొత్తానికి ప్రాణం అక్కడే ఉందని నా అభిప్రాయం. 1990 జూన్‌లో 'ది బెస్ట్ ఆఫ్ బోత్ వరల్డ్స్' మొదటి భాగంలో ఓడ కెప్టెన్ పికార్డ్‌ని బోర్గ్ అనే సగం మనిషి, సగం యంత్రం జాతివాళ్ళు ఎత్తుకుపోయి తమలో ఒకడిగా మార్చేసుకుంటారు. అతని బుర్రలోని తెలివితోనే అతని సొంత నౌకాదళాన్ని తగలబెడతారు. సెప్టెంబర్‌లో రెండో భాగం, అతన్ని వెనక్కి తెచ్చుకుంటారు. మామూలు లెక్కన ఆ తర్వాతి వారం కొత్త గ్రహం, కొత్త గొడవ రావాలి. రాలేదు. మూర్ రాసిన 'ఫ్యామిలీ' వచ్చింది. పికార్డ్ ఫ్రాన్స్‌లోని సొంతూరికి, అన్న చూసుకునే ద్రాక్షతోటకి వెళ్తాడు. అన్న రాబర్ట్‌కి తమ్ముడంటే చిన్నప్పటి నుంచీ కుళ్ళు. మాటా మాటా పెరిగి ఇద్దరూ తోటలో బురదలో పడి పొర్లాడుతూ కొట్టుకుంటారు, ఒళ్ళంతా మట్టితో నవ్వడం మొదలుపెడతారు, ఆ నవ్వులోంచే పికార్డ్‌కి ఏడుపు తన్నుకొస్తుంది. నేను ఆపలేకపోయాను, ఆపగలిగి ఉండాల్సింది అంటాడు. ఆ ఊళ్ళో ఫేజర్ తుపాకులు లేవు, గ్రహాంతరవాసులు లేరు. ఓడలో గొడవలు వద్దన్న నియమాన్ని కూడా మీరలేదు చూడండి, గొడవని ఓడ దింపి పుట్టింటికి పంపారు.

కాబట్టి పరిష్కారం ఇదీ: మిగతావి ఏ వరసలో చూసినా ఫర్వాలేదు గానీ ఈ మూడూ వరసగా చూడండి. అలాగే 'ది ఇన్నర్ లైట్' చూశాక ఆరో సీజన్లో 'లెసన్స్' వదలకండి. మొదటిదాంట్లో పికార్డ్ పాతిక నిమిషాల స్పృహలేని స్థితిలో ఎప్పుడో అంతరించిన గ్రహం మీద పెళ్ళాంబిడ్డలతో దాదాపు నలభయ్యేళ్ళ కాపురం చేసి లేస్తాడు, చేతికి ఒక వేణువు మిగులుతుంది. 'లెసన్స్'లో ఆ వేణువు మళ్ళీ బయటికొస్తుంది. గుర్తుపెట్టుకున్నవాడికి బహుమతి అన్నమాట.

సమస్య: ఆ సాంకేతిక మాటలు ఒక్కటీ బుర్రకెక్కట్లేదు

ఎక్కించుకోకండి. రాసినవాళ్ళకే ఎక్కలేదు. స్క్రిప్టులో చాలాచోట్ల ఆ మాట వచ్చే దగ్గర 'టెక్' అని మాత్రం రాసి వదిలేసేవాళ్ళు, తర్వాత సైన్స్ సలహాదారు కూర్చుని ఆ ఖాళీలు పూరించేవాడు. మనిషిని ఒకచోట మాయం చేసి ఇంకోచోట తేల్చే ట్రాన్స్‌పోర్టర్ యంత్రంలో హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్లు అని ఉంటాయి. అవి ఎలా పనిచేస్తాయి అని షోకి గ్రాఫిక్స్ చేసిన మైకేల్ ఒకూడాని అడిగితే, చాలా బాగా పనిచేస్తాయండీ, థాంక్యూ అన్నాడట. అందుకని ఓడ ఇంజనీరు జోర్డీ ఏం చెప్తున్నాడో వదిలేసి, అతని మొహం చూడండి, ఇంకెన్ని నిమిషాలు ఉందంటున్నాడో వినండి. కథకి కావలసింది ఆ రెండే. అయితే చివరి ఐదు నిమిషాల్లో అప్పటిదాకా వినని కిరణమేదో వచ్చి అందరినీ కాపాడేస్తే మాత్రం మీ కోపం న్యాయమే, దానికి మందు లేదు.

సమస్య: అవసరమైనప్పుడే ట్రాన్స్‌పోర్టర్ చెడిపోతుంది

మన కరెంటు లాగే. 1966 నాటి మొదటి స్టార్ ట్రెక్ సీరియల్లో ప్రతివారం ఓడని గ్రహం మీద దించి చూపించాలంటే తడిసి మోపెడవుతుందని, మనిషిని మాయం చేసి కింద తేల్చే ఈ ఉపాయం కనిపెట్టారు. డబ్బు మిగిలింది గానీ కథకి ముప్పు వచ్చింది: ఎక్కడ చిక్కుకున్నా క్షణంలో పైకి లాగేయొచ్చంటే ఇక టెన్షన్ ఏముంటుంది? అందుకే అయాన్ తుఫాను, కవచం, ఖనిజం, ఏదో ఒకటి అడ్డం పడాలి. మొదటి పది నిమిషాల్లో ఎవరైనా వాతావరణం గురించి మాట్లాడితే గ్రహం మీదికి దిగిన బృందం అక్కడే ఇరుక్కుంటుందని ఫిక్సయిపోండి.

చిన్నాచితకా ఇంకో మూడు, గబగబా. ఎర్ర చొక్కావాడు చస్తాడని ఎదురుచూస్తుంటే చావట్లేదా? అది పాత సీరియల్ లెక్క, అక్కడ సెక్యూరిటీ వాళ్ళది ఎరుపు. ఇక్కడ కెప్టెన్‌దే ఎరుపు, సెక్యూరిటీ వాళ్ళు పసుపుకి మారారు. సెక్యూరిటీ అధికారి, అంత బలశాలి వర్ఫ్ ఎప్పుడూ తన్నులు తింటాడేమిటంటే, వచ్చినవాడు ఎంత గట్టివాడో చూపించడానికి అంతకంటే చవకైన దారి లేదు. ఇక కెప్టెన్ లాగ్‌లో చెప్పే స్టార్‌డేట్ (ఆ లోకపు తేదీ) అంకెలకి ఖగోళశాస్త్రం వెతక్కండి, మొదటి అంకె 4 అంటే 24వ శతాబ్దం, రెండో అంకె సీజన్. 43తో మొదలైతే మూడో సీజన్, అంతే.

సమస్య: గ్రహాంతరవాసులంటే నుదుటి మీద నాలుగు ముడతలేనా? పైగా అందరూ ఇంగ్లీషే!

వారానికో కొత్త జాతి కావాలి, నటుడి కళ్ళూ నోరూ కనపడాలి, తెల్లారేసరికి మేకప్ అయిపోవాలి. మైకేల్ వెస్ట్‌మోర్ బృందానికి మిగిలింది నుదురూ ముక్కూ చెవులే. ఆరో సీజన్లో 'ది చేజ్' అని దీనికి కథలోనే ఒక సంజాయిషీ ఇచ్చారు, అన్ని జాతులకీ ఆదిలో ఒకే విత్తనమని. నాకైతే సంజాయిషీ కంటే ముడతలే నయం.

ఇంగ్లీషు సంగతికొస్తే యూనివర్సల్ ట్రాన్స్‌లేటర్ ఉందనుకుని ముందుకెళ్ళాలి. అది పనిచేసినా ప్రయోజనం లేని కథ ఒకటుంది, 1991లో వచ్చిన 'డార్మాక్'. ఎదుటి కెప్టెన్ మాటలన్నీ అనువాదం అవుతాయి, భావం మాత్రం అందదు, ఎందుకంటే వాళ్ళు ప్రతి విషయాన్నీ తమ పురాణాల్లోని పేర్లతోనే చెప్తారు. ఇది అమెరికా ప్రేక్షకుడికి వింత గానీ మనకేం వింత? భగీరథ ప్రయత్నం, శల్య సారథ్యం, కుంభకర్ణుడి నిద్ర, ఉత్తరకుమారుడి ప్రగల్భాలు అని రోజూ అంటూనే ఉంటాం. భారతం తెలియనివాడికి 'శల్య సారథ్యం' అన్నది అక్షరాలా అనువదించి ఇవ్వండి, పికార్డ్ పడ్డ పాట్లే పడతాడు. చలిమంట పక్కన, చావుబతుకుల్లో ఉన్న ఆ కెప్టెన్‌కి పికార్డ్ గిల్గమేష్ అనే ప్రాచీన పురాణవీరుడి కథ చెప్పే దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టండి.

సమస్య: యుద్ధం లేదు, ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు

డబ్బులైపోయాయి. ఉన్న సెట్లోనే, కొత్త గ్రహం లేకుండా తీసే ఎపిసోడ్లు ఇవి. విచిత్రం ఏంటంటే చేతిలో డబ్బు లేనప్పుడే వీళ్ళు బాగా రాశారు. రైకర్ వేషం వేసిన జోనథన్ ఫ్రేక్స్ దర్శకత్వంలో వచ్చిన 'ది డ్రమ్‌హెడ్' చూడండి, ఒక చిన్న అనుమానం విచారణగా మారి ఓడంతా ఎలా పాకుతుందో. ఇలాంటివి భోజనం చేస్తూ చూడకండి, సగం మాటలు పోతాయి.

సమస్య: ఇవన్నీ ఓర్చుకుని 'వాయేజర్'కి మారాను, అక్కడ ఇంకా ఘోరం

అవును. అది ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్. ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో, సాయం అందని చోట ఒంటరి ఓడ. మొదట్లో మన దగ్గర ఉన్నవి 38 టార్పిడోలే, అయిపోతే మళ్ళీ దొరకవు అంటారు. తర్వాత పెళ్ళిలో టపాకాయల్లా కాలుస్తారు, వారం తిరిగేసరికి ఓడకి గీత కూడా ఉండదు. ఒంటరితనం గురించిన కథకి వారం వారం రీసెట్ నప్పదు, నెక్స్ట్ జనరేషన్‌కి నప్పింది కదా అని ఇక్కడా పెట్టేశారు. మూర్ కొన్నాళ్ళు అక్కడ పనిచేసి బయటికొచ్చి, తర్వాత 'బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా'ని కొత్తగా తీశాడు, అందులో బతికున్నవాళ్ళ లెక్క టైటిల్స్‌లోనే వేస్తారు, ఒకడు పోతే అంకె తగ్గుతుంది. మీకు కావలసింది అదైతే వాయేజర్ ఆపేసి అటు వెళ్ళండి. స్టార్ ట్రెక్ లోకంలోనే ఉండాలనుకుంటే 'డీప్ స్పేస్ నైన్' పెట్టండి, అక్కడ ఓడ కాదు, కదలని స్టేషన్, చేసిన తప్పు వచ్చేవారం కూడా ఎదురుగానే ఉంటుంది. దానికి కూడా మొదటి సీజన్ కాస్త నెమ్మదే, మళ్ళీ నాకు ఫోన్ చేయకండి.