సంక్రాంతి సెలవుల్లో డిస్నీ పరుగు: విశాఖ నుంచి పిల్లలతో వెళ్లేవాళ్లకి

అమెరికాలో ఓర్లాండో పక్కనున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఏటా జనవరి మొదట్లో మారథాన్ వారాంతం జరుగుతుంది. గురువారం 5కే, శుక్రవారం 10కే, శనివారం హాఫ్ (21 కిలోమీటర్లు), ఆదివారం ఫుల్ (42 కిలోమీటర్లు). ఆ వెనకాలే మనకు సంక్రాంతి సెలవులు. బడికెళ్లే పిల్లలున్న విశాఖ రన్నర్లకు ఇంతకంటే కలిసొచ్చే రేసు నాకు కనపడలేదు. బీచ్ రోడ్డులో నాతో పరిగెత్తేవాళ్లు విడివిడిగా అడుగుతూనే ఉన్నారు కాబట్టి అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందుగా ఒక్క మాట పట్టుకోండి. మీ రేసు అయ్యేదాకా మీరు డిస్నీ థీమ్ పార్కుల జోలికి వెళ్లొద్దు. అక్కడ ఒక రోజు తిరిగితే పది, పన్నెండు కిలోమీటర్ల నడక తెలియకుండానే అయిపోతుంది. శుక్రవారం రాత్రి దాకా బాణసంచా చూసి, శనివారం తెల్లవారకముందే హాఫ్‌కి నిలబడితే రెండూ చెడతాయి. పిల్లలు ఆగరు, నిజమే. అందుకే రేసుకు ముందు వాళ్లను మా ఆయన తిప్పారు, నేను హోటల్ గదిలో కాళ్లు చాపుకుని కూర్చున్నాను. సోమవారం నుంచి అందరం కలిసి తిరిగాం. ఆ వారం మధ్యలో జనం కూడా కాస్త పలచగా ఉంటారు. జనవరి మూడో సోమవారం అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. దాని ముందు శుక్రవారం నుంచి మళ్లీ కిటకిటే. మీ పార్కు రోజులు ఆలోపు ముగిసేలా చూసుకోండి.

ఇక పనుల వరస. అన్నిటికంటే ముందు వీసా. రేసుకి డబ్బు కట్టేసి వీసా కోసం ఎదురుచూడటం తలకిందుల వ్యవహారం. కట్టిన ఫీజు వెనక్కి రాదు, బిబ్ (చొక్కాకి తగిలించుకునే రేసు నంబరు) ఇంకొకరి పేరు మీదకి మారదు. హాఫ్ ఫీజే 200 డాలర్లు దాటుతుంది. మనకు ఇంటర్వ్యూ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో. వేలిముద్రలకు విడిగా ఇంకో అపాయింట్‌మెంట్ ఉంటుంది. రెండూ పక్కపక్క రోజుల్లో పడేలా స్లాట్లు దొరికితే సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, ఒక్క ప్రయాణంలో రెండు పనులూ ముగించుకు రావచ్చు. స్లాట్లకి నెలల తరబడి ఆగాల్సి రావచ్చు, అందుకే కనీసం ఏడాది ముందు మొదలుపెట్టమంటాను.

రిజిస్ట్రేషన్ ముందు ఏడాది వేసవి మొదట్లో, అంటే మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా తెరుస్తారు. సాధారణంగా అక్కడ ఉదయం 10 గంటలకు, మనకు సాయంత్రం 7:30. ఆన్‌లైన్ క్యూలో నిలబడాలి. తిరుమల దర్శనం టికెట్లు బుక్ చేసిన అనుభవం ఉన్నవాళ్లకి కొత్తేం కాదు. మీ కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ముందు రోజే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసి, లిమిట్ పెంచి పెట్టుకోండి. క్యూలో మీ వంతు వచ్చాక ఓటీపీ కోసం తడుముకుంటే అయినట్టే.

ఏ దూరం పరిగెత్తాలి? శని, ఆదివారాల్లో హాఫ్, ఫుల్ రెండూ చేస్తే గూఫీ చాలెంజ్. నాలుగు రోజులూ నాలుగూ పరిగెత్తితే డోపీ చాలెంజ్: మొత్తం 48.6 మైళ్లు, మన లెక్కలో 78 కిలోమీటర్లు, ఆరు మెడల్స్. మెడల్స్ చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. కానీ నాలుగు రోజుల పాటు అర్ధరాత్రి దాటగానే లేచే మనిషితో కుటుంబానికి అది సెలవు కాదు, శిక్ష. పిల్లలతో వెళ్తే హాఫ్ చాలు అంటాను. మెడల్ మీద డొనాల్డ్ డక్ ఉంటుంది, మా వాడికి ఫుల్ మెడల్ మీదుండే మిక్కీ కంటే అదే నచ్చింది. పిల్లలు కూడా పరిగెత్తొచ్చు. 5కేకి అయిదేళ్లు, 10కేకి పదేళ్లు, హాఫ్‌కి 14, ఫుల్‌కి 18 నిండాలి. మా పెద్దమ్మాయి 10కే చేసింది.

వేగం గురించి భయపడక్కర్లేదు గానీ లెక్క తెలిసి ఉండాలి. మైలుకు 16 నిమిషాలు, అంటే కిలోమీటరుకు దాదాపు 10 నిమిషాలు దాటకూడదు. ఆ లెక్కన హాఫ్‌కి మూడున్నర గంటలు, ఫుల్‌కి ఏడు. అందరికంటే వెనక బెలూన్లు కట్టుకుని కొందరు ఆడవాళ్లు అదే వేగంతో వస్తుంటారు. వాళ్ల వెనక పడ్డవాళ్లను బస్సెక్కించే అవకాశం ఉంది. ఇంకో కిటుకు: పాత రేసు టైమింగ్ సర్టిఫికెట్ గడువులోపు పంపితే ముందు వరసల్లో నిలబడనిస్తారు. నవంబరు, డిసెంబరుల్లో జరిగే మన నేవీ మారథాన్ ఆ జనవరికి అందదు, అంతకుముందు ఏడాది చేసిన 21కే ఫలితం దాచుకోండి. ముందు బయల్దేరితే దారిలో మిక్కీ, గూఫీలతో ఫొటోలకి ఆగే తీరిక దొరుకుతుంది. ఫొటో క్యూలో నిలబడ్డా గడియారం ఆగదు మరి.

ప్రాక్టీసుకి విశాఖను మించిన ఊరు లేదు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ ఎలాగూ ఉంది, 32 కిలోమీటర్లు. కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరి, మళ్లీ అక్కడికి చేరేసరికి మీ పాదాలు ఎక్కడ బొబ్బలెక్కుతాయో, ఏ మేజోళ్లు పనికిరావో తేలిపోతుంది. బూట్లు, మేజోళ్ల నిర్ణయం ఆ రోజే తీసుకోండి. ఆపైన వారానికో పొడుగు పరుగు జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ వైపు. ఓర్లాండో దారి చదునే, కానీ రోడ్డు వంతెనలూ ర్యాంపులూ తగులుతాయి. వాటికి కైలాసగిరి ఘాట్ రోడ్డు అప్పుడప్పుడూ ఎక్కితే చాలు. మన ఉక్కపోతలో కిలోమీటరుకి పట్టే సమయం చూసి నీరసపడొద్దు, అక్కడి చల్లగాలిలో అదే కాలు తేలిగ్గా పడుతుంది.

ప్రయాణంలో ఒక విచిత్రమైన లాభం ఉంది. జనవరిలో ఓర్లాండో మనకంటే పదిన్నర గంటలు వెనక. రేసు అక్కడ తెల్లవారుజామున 5 గంటలకు మొదలైతే ఇక్కడ మధ్యాహ్నం 3:30. ఇండియా నుంచి వెళ్లినవాళ్లకి మొదటి కొన్ని రోజులు సాయంత్రమే నిద్ర ముంచుకొచ్చి, రాత్రి రెండు, మూడింటికి కళ్లు తెరుచుకుంటాయి. అందరూ తిట్టుకునే ఆ జెట్‌లాగ్ ఈ రేసుకి సరిగ్గా సరిపోతుంది. దాన్ని సరిచేసుకునే ప్రయత్నం రేసు అయ్యాకే చేయండి. రేసు వారం మొదట్లో దిగితే చాలు. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడి నుంచి నేరుగా ఓర్లాండోకి ఎమిరేట్స్ విమానం ఉంది. పరుగు బూట్లు మాత్రం చేతి బ్యాగులోనే పెట్టండి. చెక్-ఇన్ సూట్‌కేసు ఆలస్యమైతే మిగతావి కొనుక్కోవచ్చు, అలవాటైన బూట్లు కొనలేం.

తిండి సంగతి. అత్తయ్యకి సంక్రాంతికి ఇల్లు వదిలి వెళ్లడం ససేమిరా నచ్చలేదు. అయినా అరిసెలు ముందే వండి డబ్బాకెత్తారు. బెల్లం, బియ్యప్పిండి, నెయ్యి: రేసు ముందు రోజు మధ్యాహ్నం రెండు తింటే ఒంటికి పడతాయి. పరుగు మధ్యలో శక్తి కోసం తీసుకునే జెల్స్ బదులు చిన్న బెల్లం ముక్కలు నాకు అలవాటు. విమానాశ్రయంలో తినుబండారాలు ఉన్నాయని కస్టమ్స్ వాళ్లకి చెప్పేయండి, చికెన్, మటన్ పచ్చళ్లు మాత్రం పట్టుకెళ్లొద్దు. పార్కుల్లోకి బయటి తిండి రానిస్తారు, గాజు సీసాలు తప్ప. పులిహోర డబ్బాతో మేం హాయిగా తిరిగాం. వేడిగా మన రుచి కావాలంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లో సనా అని ఒక రెస్టారెంట్ ఉంది. నాన్, రకరకాల చట్నీలు, కిటికీలోంచి జిరాఫీలు.

బిబ్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఈఎస్పీఎన్ వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్ ప్రాంగణంలో ఎక్స్‌పో (రేసుకు ముందు పెట్టే ప్రదర్శన) జరిగే రోజుల్లోనే ఇస్తారు, పాస్‌పోర్టు చూపించాలి. రేసు పొద్దున ఇవ్వరు. రేసు ఫీజులో పార్కు టికెట్ కలిసి ఉండదని కూడా ముందే తెలుసుకోండి. హాఫ్, ఫుల్ పరుగుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులోని సిండరెల్లా కోట లోపలినుంచే వెళ్తారు, కానీ మధ్యాహ్నం అదే కోట చూడాలంటే టికెట్ కొనాల్సిందే.

హోటల్ డిస్నీదే తీసుకోండి. పాప్ సెంచురీ, ఆల్-స్టార్ లాంటివి వాటిలో చవక. అర్ధరాత్రి దాటాక రేసు దగ్గరికి బస్సులు అక్కడి నుంచే బయల్దేరతాయి. ఎప్కాట్ అనే డిస్నీ పార్కు పార్కింగ్‌లో దిగాక గంటకు పైగా చలిలో నిలబడాలి. ఒక ఏడాది లంబసింగి చలి, ఇంకో ఏడాది మన బీచ్ లాగే జిగట. పారేసినా బాధలేని పాత స్వెట్టర్ వేసుకెళ్లండి, దారిలో వదిలేసిన బట్టలు పోగుచేసి దానం చేస్తారు. పిల్లల్ని ఆ వేళప్పుడు లేపొద్దు. బాగా తెల్లవారాక మా ఆయన వాళ్లను తీసుకుని ముగింపు గీత దగ్గరికి వచ్చారు, ఎవరూ విసుక్కోలేదు.

తర్వాతి రోజులు మెడల్ మెళ్లో వేసుకునే పార్కుకి వెళ్లండి, సిగ్గుపడక్కర్లేదు, అక్కడ సగం మంది అలాగే తిరుగుతుంటారు. మొదటి రోజు ఎప్కాట్ మంచిది. సరస్సు చుట్టూ పదకొండు దేశాల మంటపాలు, చుట్టు మొత్తం రెండు కిలోమీటర్ల లోపే. పట్టేసిన తొడలకి ఆ నడక మందు. యానిమల్ కింగ్‌డమ్‌లో ఆనందపూర్ అని ఒక కల్పిత ఊరుంది. పులులు, పాడుబడ్డ రాజమహలు అంతా కట్టారు. పేరు చూసి మా వాడు "మన ఆనందపురం జంక్షన్ కదా" అన్నాడు. పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలిచి పెట్టుకోండి. అక్కడి ఎవరెస్ట్ రైడ్‌కి 112 సెంటీమీటర్లు, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ రైలుకి 97 ఉండాలి. క్యూ దగ్గరికి వెళ్లాక కాదంటే ఆ ఏడుపు ఆపడం మన వల్ల కాదు. క్యూలో నిలబడే సమయం తగ్గించే లైట్‌నింగ్ లేన్‌కి డబ్బు పెట్టేట్టయితే రేసు మర్నాడే పెట్టండి, ఆ రోజు గంటసేపు నిలబడటం కష్టం.

వీసా దొరక్కపోతే ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ చూడండి. 10కే, హాఫ్, ఫుల్ మూడూ ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నానికల్లా అంతా అయిపోతుంది. సోమవారం రావిర్యాలలో వండర్‌లా, మంగళవారం రామోజీ ఫిల్మ్ సిటీ, ఆ రాత్రికి రైలు. పరిగెత్తిన సాయంత్రమే తిరుగు టికెట్ తీసుకునేవాళ్లు లోయర్ బెర్త్ దొరికితేనే తీసుకోండి.