ఒకే మెదడు మీద ఎంఆర్ఐ, స్లైడ్లు రెండూ కావాలంటే

తిరుపతిలో మెడికల్ కాలేజీలోనో వెటర్నరీ కాలేజీలోనో పీజీ చేస్తూ ఒకే మెదడుకు ముందు ఎంఆర్ఐ తీసి, తర్వాత దాన్నే కోసి మైక్రోస్కోప్ స్లైడ్లు చేసే థీసిస్ పెట్టుకున్నవాళ్లు ముందు ఒకటి తెలుసుకోవాలి: కణజాలం కుళ్లకుండా నిలబెట్టే (ఫిక్స్ చేసే) ద్రవం ఫార్మలిన్ మెదడును ఉన్నదున్నట్టు ఆపదు, మార్చి ఆపుతుంది.

మామూలుగా వాడేది 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, అందులో అసలు ఫార్మాల్డిహైడ్ 4 శాతం దాకా ఉంటుంది. అది ప్రొటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. దాంట్లో ఉంచాక టీ1, టీ2 (ఎంఆర్ఐ సిగ్నల్ ఎంత సమయంలో కోలుకుంటుందో, ఎంత సమయంలో తగ్గిపోతుందో చెప్పే అంకెలు) రెండూ తగ్గుతాయి, నీటి డిఫ్యూజన్ (కణజాలంలో నీటి అణువుల కదలిక) కూడా బాగా పడిపోతుంది. బతికున్నవాళ్ల స్కాన్‌లో వచ్చే అంకెలతో వీటిని పోల్చారంటే గైడ్ దగ్గర దొరికిపోతారు. టీ2 తగ్గడంలో పెద్ద వాటా లోపల మిగిలిపోయిన ఫార్మలిన్‌దే, పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పునీటి బఫర్) నానబెట్టి కడిగితే టీ2 చాలావరకు తిరిగొస్తుంది, టీ1 మాత్రం అంతగా రాదు.

మేక మెదడైనా మనిషి మెదడైనా, ఊరగాయ ముక్కలాగే, ముందు పైపొర ఊరుతుంది, లోపలికి ఎక్కడానికి టైం పడుతుంది. మనిషి మెదడు మొత్తంగా వేస్తే వారాలు పడుతుంది. తొందరపడి మధ్యలో స్కాన్ చేస్తే ఎంఆర్ఐ మ్యాప్‌లో ఒక గీతలాంటి పట్టీ కనబడుతుంది. అది జబ్బు కాదు, ఫార్మలిన్ అక్కడిదాకా వచ్చిందని అర్థం.

పుస్తకాల్లో రాసే రూమ్ టెంపరేచర్ మన మే నెలది కాదు. 40 డిగ్రీల ఎండలో ఆలస్యమైతే కణజాలం తనంతట తానే చెడిపోవడం మొదలవుతుంది, అందుకని ఫార్మలిన్ దొరికేదాకా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు, మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి, స్లైడంతా చిల్లులే. ఫ్రోజెన్ సెక్షన్లు (గడ్డకట్టించి కోసే పలచటి పొరలు) కావాలంటే ఫిక్స్ అయ్యాక 30 శాతం చక్కెర ద్రావణంలో ముక్క అడుగుకు మునిగేదాకా ఉంచి, ఆ తర్వాతే గడ్డకట్టించాలి.

స్కాన్ ముందు, కోత తర్వాత. కడిగిన ముక్కను ఫోంబ్లిన్‌లో (హైడ్రోజన్ లేని ఫ్లోరిన్ నూనె) పెడితే మంచిది, అది ఎంఆర్ఐలో సిగ్నల్ ఇవ్వదు. గాలి బుడగలు ఉంటే వాక్యూమ్‌తో తీసేయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే స్కానర్‌లో పెట్టకండి, చల్లగా ఉన్నదాంట్లో డిఫ్యూజన్ ఇంకా తక్కువ చూపిస్తుంది.

ముక్కను పారఫిన్ మైనంలో పోసి కోసే పద్ధతికి వెళ్తే, అందులో వాడే ఆల్కహాల్ ముక్కను కుదిస్తుంది, జైలీన్ అనే ద్రావకం కొవ్వును లాగేస్తుంది. మైలిన్‌కి (నరాల చుట్టూ ఉండే కొవ్వు పొర) లక్సాల్ ఫాస్ట్ బ్లూ రంగు అప్పుడూ పనిచేస్తుంది, కొవ్వుకు పట్టే సూడాన్ బ్లాక్ రంగుకి ఫ్రోజెన్ సెక్షనే గతి. నెలల తరబడి ఫార్మలిన్‌లో ఉన్నదాంట్లో ప్రొటీన్లను గుర్తించడానికి వేసే యాంటీబాడీ సరిగ్గా పట్టదు, పీహెచ్ 6 సిట్రేట్ బఫర్‌లో వేడిచేసి చూడండి. కోసే ముందు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసుకోండి, కుదించుకుపోయిన స్లైడును ఎంఆర్ఐ బొమ్మ మీద సరిపెట్టడానికి అది బాగా పనికొస్తుంది.