రెట్టింపు ఫండ్లు కొనే ముందు

పర్లాకిమిడి వైపు జీడిపిక్కల డబ్బులు చేతికొచ్చే రోజులివి. అమెరికా రెట్టింపు ఫండ్లు, అంటే అక్కడి షేర్ల సూచీ ఒక రోజులో ఎంత శాతం పెరిగినా తగ్గినా దానికి రెండింతలు కదిలేవి, కొనొచ్చా అని కుర్రాళ్లు అడుగుతున్నారు. కొనే స్వేచ్ఛ మనకుండాలనే నా మాట. ముందు ఇవి చూసుకోండి.

– నెలల తరబడి ఉంచేయకండి. రెట్టింపు లెక్క ఏ రోజుకారోజే. సూచీ 100 నుంచి 110కి పెరిగి, మర్నాడు 99కి పడితే పోయేది 1 శాతమే. రెండు రెట్ల ఫండ్ 120కి వెళ్లి 96కి దిగుతుంది. కాగితం మీద మీరే వేసి చూడండి.

– బంగారం కుదువపెట్టి కొనొద్దు. వడ్డీ ఆగదు.

– డాలర్ రేటు, డబ్బు పంపే ఖర్చు కూడా మీ లెక్కలో కలపండి.

– మన దేశంలోనే, మామూలు మ్యూచువల్ ఫండ్ల కంటే ఎక్కువ రిస్కు తీసుకునే స్పెషలైజ్డ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లలో మామూలు మదుపరికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన కనీస మొత్తం 10 లక్షలు. అంత లేదని నలుగురు కలిసి ఒకరి పేరున పెట్టకండి. రేపు తేడా వస్తే మిగతా ముగ్గురి దగ్గర కాగితం ఉండదు.